పొట్టి అధ్యాయాలు

చేప వండిన చీరతో అత్తగారి పొయ్యి ముట్టుకోకూడదు. తరులత ఈ శ్యాంబజార్ సందులోకి కాపరానికి వచ్చిన మర్నాటి నుంచీ అదే పద్ధతి. కింద వంటింట్లో మొగుడికీ ఇద్దరు మరుదులకూ ఆవపెట్టిన పులస. పైన డాబా గదిలో విధవ అత్తగారికి వేరే పొయ్యి, వేరే గిన్నెలు, ఉల్లి వాసన కూడా తగలని కూర. మధ్యలో తలస్నానం. తడిజుట్టుతో పైకి వెళ్తే అత్తగారు ఒప్పుకోదు. "నీ జుట్టు నీళ్ళు నా అన్నంలో పడ్డాయంటే నాకివాళ ఉపోషమే, కోడలా" అంటుంది. కాబట్టి జుట్టు ఆరేదాకా తరులతను ఎవరూ పిలవరు. పిలవని సమయం రోజు మొత్తంలో అదొక్కటే.

ఆ జుట్టు ఆరే సేపట్లోనే పద్ధెనిమిది నవలలు రాసింది. మెట్ల మలుపులో, బొగ్గుల బస్తా పక్కన, పీట మీద కూర్చుని. ఎండాకాలం అధ్యాయం మూడు పేజీలు దాటదు. వానాకాలం జుట్టు ఆరదు గనక అయిదు వస్తాయి. వాక్యం మధ్యలో ఉన్నా సరే, "ఆరిందా?" అని పైనుంచి కేక పడితే లేవాల్సిందే. విమర్శకుడొకాయన ఈ పొట్టి అధ్యాయాలను కొత్త తరహా శిల్పమని రాశాడు. ఆయన ఇంట్లో ఆయన అన్నం ఎవరు వండుతారో ఆయన రాయలేదు.

అట్ట మీద పేరు టి. సాన్యాల్, తన మొదటి అక్షరమూ అత్తింటి పేరూ. ఆడపేరు చూస్తే మగవాళ్ళు కొనరని ప్రచురణకర్త అన్నాడు, మొగుడు కృపాసింధు తల ఊపాడు. రాసిన కాగితాలు పాత పేపర్లో చుట్టి ప్రచురణకర్త కొట్టు ఉన్న కాలేజీ వీధికి తీసుకెళ్ళేదీ అతనే. అక్కడ అతన్ని కుర్చీ వేసి కూర్చోబెడతారట. ఆఫీసులో పెద్ద గుమాస్తాగా అతనికి కుర్చీ ఎటూ ఉంది, ఇది ఇంకొకటి. పద్ధెనిమిదింట్లో ఒక్కటీ అతను చదవలేదు. "ఏడిపిస్తావటగా జనాన్ని? మాకు ఇంట్లో చూసేదే చాల్లే" అంటాడు. మరుదులు నవ్వుతారు. తరులత కూడా నవ్వేది. ఆ నవ్వెందుకో ఆమెకే తెలియదు. తను రాసిన దాని గురించి ఒక్క మనిషితో ఒక్క మాట మాట్లాడి ఎన్నేళ్ళయిందని లెక్క వేస్తే, అసలు మొదలే కాలేదని తేలింది.

పోయిన ఆదివారం కాట్వా అనే ఊరి నుంచి నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. అక్కడి మహిళా గ్రంథాలయం వాళ్ళు. కార్యదర్శి ప్రతిమా ఘటక్, బడిపంతులమ్మ, గుమ్మంలోనే చెప్పులు విప్పి లోపలికొచ్చి, టి. సాన్యాల్ అతనే అనుకుని, నేరుగా కృపాసింధు కాళ్ళకు దండం పెట్టింది. మిగతా ముగ్గురూ వరసగా వంగారు. తరులత టీ పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గర నిలబడిపోయింది. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు, అనుకుంది.

"ఆడదాని మనసు మీకింతలా ఎలా తెలుసు, దాదా?" అంది ప్రతిమ, అన్నగారిని అడిగినట్టు.

కృపాసింధు కళ్ళజోడు తీసి తుడిచాడు. "గమనిస్తూ ఉండాలమ్మా."

"మా దగ్గరున్న మీ పుస్తకాలు చిరిగిపోయాయండీ, చేతులు మారీ మారీ" అంది వాళ్ళలో పెద్దావిడ. "కానీ ఒక్కటి అడుగుతాను, కోప్పడకండి. అధ్యాయాలు అంత పొట్టిగా ఎందుకు రాస్తారు? మాకు ఆశ తీరదు."

"పాఠకుడికి ఊపిరాడాలి కదా" అన్నాడు. "అదొక శైలి."

తరులత పళ్ళెంతో ఒక అడుగు ముందుకేసింది. ప్రతిమ లేచి వచ్చి పళ్ళెం అందుకుంది. "అదృష్టవంతులు వదినగారూ, ఇలాంటి మనిషి పక్కన బతుకుతున్నారు. మీరైతే ముందుగానే చదివేస్తారేమో?"

"లేదమ్మా, దానికి పొయ్యి తప్ప వేరే లోకం లేదు" అన్నాడు కృపాసింధు నవ్వుతూ. వచ్చే ఆదివారం వాళ్ళ వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా వస్తానని కూడా ఒప్పుకున్నాడు.

మొగుడి మాట తరులతకు కొత్త కాదు. ఎవరి కోసం మెట్ల మీద నడుం విరగ్గొట్టుకుందో ఆ ఆడవాళ్ళే ఎదురుగా నిలబడి తనను పోల్చుకోలేదు. అది కొత్త. వాళ్ళు వెళ్ళాక ఇల్లు మునుపటికన్నా ఖాళీ అయింది.

"మొహమాటపడ్డానే" అన్నాడు కృపాసింధు. "అంత దూరం నుంచొచ్చారు, మొహం మీద కొట్టినట్టు కాదని ఎలా చెప్పను? అయినా నువ్వెప్పుడైనా సభ ఎక్కావా? గొంతు పెగలదు నీకు. రెండు పేజీల ఉపన్యాసం రాసివ్వు, చదివేసి వస్తాను. నువ్వైతే చిటికెలో రాసేస్తావు."

మర్నాడు స్నానం చేసి, బొగ్గుల బస్తా పక్కన కూర్చుని రాసింది. ఇన్నేళ్ళూ కథల్లో 'ఆమె' అనే రాసింది. ఇవాళ మొదటి మాటే 'నేను' అని పడింది. పైనుంచి కేక వచ్చింది, ఆరిందా అని. "ఇంకా లేదు" అంది. జుట్టు ఎప్పుడో ఆరిపోయింది. మళ్ళీ కేక. మళ్ళీ అదే జవాబు. రెండు అనుకున్నవి పదకొండు పేజీలయ్యాయి. ఆ రోజు అత్తగారు రెండింటికి తిన్నది. "మా పోయినోళ్ళ కాలంలో ఇలా ఉండేదా" అని సణిగింది గానీ, ఏమీ కూలిపోలేదు.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి టీ తాగుతూ కృపాసింధు చెయ్యి చాపాడు. "ఏదీ, ఇలా తే. పైకి చదివి చూసుకోవాలి."

ఇచ్చింది. అతను గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "నేను తలంటుకుని కూర్చున్నప్పుడు..." ఆగాడు. తర్వాతి పేజీ తిప్పాడు. ఇంకొకటి. ఆమె రాసినది అతను చదవడం ఇదే మొదలు.

"ఇదేంటే? నీళ్ళాడిన మంచం, పాలు గడ్డకట్టిన రొమ్ములు... ఇది సభలో నేనెలా చదివేది? నవ్వరూ?"

"మీరు చదవలేరు" అంది తరులత.

తనే వెళ్ళి చదివితే ఆ ఆడవాళ్ళు నమ్ముతారా? బహుశా నమ్మరు. మొగుడి పేరు కాజేయడానికి వచ్చిందంటారేమో. ప్రతిమ మొహం తిప్పుకోవచ్చు. రైలు దిగాక పలకరించే మనిషి కూడా ఉండకపోవచ్చు. ఇదంతా పగలంతా ఆలోచించుకున్నదే.

"మరి అక్కడికెళ్ళి నేనేం చెప్పాలి?" అన్నాడు కృపాసింధు, కాగితాలు బల్ల మీద పడేసి.

తరులత వాటిని ఏరి, వరస సరిచేసి, చీర కొంగులో పెట్టుకుంది.

"ఏం చెప్పక్కర్లేదు. మీరు రావట్లేదు."