ఎడమచేతి కుట్టు

ఆ రోజు ఆమె చేయాల్సిన పనులు ఇవి. లైనో అనే మెత్తటి పలక మీద చెక్కిన బొమ్మకు సిరా పూసి కాగితాల మీద అచ్చు తీయాలి. బొమ్మలో చొక్కా ఉన్నచోట దర్జీ కొట్లో మిగిలిన గుడ్డముక్కలు అతికించాలి. ఆ చొక్కా కాజా దగ్గర మేనత్త చేత నిజం దారంతో నాలుగు కుట్లు వేయించాలి. సాయంత్రం ఫ్రేముల బాబాయికి అప్పగించాలి. మధ్యలో అన్నం తినాలి. ఆ చివరిది అత్త ఆజ్ఞ.

ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. తీరా చదివాక బొమ్మలేసుకుని బతుకుతానంటే నాన్న నెత్తి బాదుకున్నాడు.

"వెయ్యనీరా! గోడలేం అరిగిపోవులే," అని అడ్డుపడింది మేనత్త.

అత్త దర్జీ కొట్లో కాజాలు కుట్టేది. పొద్దంతా వంచిన మెడ వంచినట్టే పనిచేసి వచ్చి, మేనకోడలు గీసినవన్నీ దీపం కింద పెట్టుకుని చూసేది. బొగ్గుతో గీసినా, సుద్దతో గీసినా, "బాగుందే పిడుగా" అనేది. అచ్చు యంత్రం లేక కాగితం వెనక రుద్దడానికి వంటింటి గరిటె పట్టుకుపోతే కిక్కురుమనకుండా ఇంకో గరిటె కొనుక్కుంది.

ఇన్నాళ్ళకు సొంత ప్రదర్శన. గుమ్మంలోకి రాగానే కనపడే మొదటి బొమ్మ అత్త చేతులే కావాలనుకుంది. నోటితో చెప్పడానికి సిగ్గు. అందుకే కాజా కుడుతున్న ఆ చేతుల్ని గోళ్ళతో సహా చెక్కింది.

గరిటెతో రుద్ది మొదటి కాగితం లేపింది. అత్త కుట్టేది కుడిచేత్తో. బొమ్మలో మాత్రం సూది ఎడమచేతిలో ఉంది.

అచ్చులో కుడి ఎడమవుతుందనీ, బొమ్మను తిప్పి పలక మీదకి ఎక్కించాలనీ బడిలో బొమ్మల పాఠాలు చెబుతూ పిల్లలకు గొంతు చించుకుని చెప్పేది తనే. ముచ్చట కొద్దీ ఉన్నదున్నట్టు చెక్కేసింది. మళ్ళీ చెక్కే వ్యవధి లేదు.

అత్త సూదుల డబ్బాతో లోపలికొచ్చింది.

"ఏంటే ఆ దాచడం?"

"తప్పొచ్చిందత్తా. నీ చెయ్యి మారిపోయింది. ఎవరిదో అయితే పోనీలే అనుకుందును. నీదే చెడగొట్టాను. ఇది పెట్టను."

"ముందు చూడనీ. మూతికి కూడా పూసుకున్నావు సిరా, కోతిలాగా."

అత్త కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"ఎవరు చెప్పారే నీకు?"

"ఏం చెప్పారు?"

"నాది ఎడమచేతి వాటమని."

మేనకోడలు ఆ కాగితాన్నీ అత్త చేతుల్నీ మార్చి మార్చి చూసింది.

"చిన్నప్పుడు పలక మీద ఎడమచేత్తో రాస్తున్నానని మీ తాత ఆ చేతికి గుడ్డ చుట్టి కట్టేశాడు. కుడిచెయ్యి అలవాటయ్యేదాకా విప్పలేదు. నేనే మర్చిపోయాననుకో."

"ఎవరూ చెప్పలేదత్తా. ఒట్టి పొరపాటు."

"పోన్లే. మంచి పొరపాటే చేశావు."

మేనకోడలు ఆ అచ్చు మీద గుడ్డముక్క అతికించింది. అత్త సూదిలో దారం ఎక్కించి, కాసేపు ఆగి, ఎడమచేతిలోకి మార్చుకుంది. మొదటి కుట్టు వంకర పోయింది.

"నవ్వావంటే పొడుస్తా," అంది.

రెండోదీ వంకరే. ఆ తర్వాత చెయ్యి తనంతట తనే దారి పట్టింది. మేనకోడలు వరసగా అచ్చులు తీసి, గుడ్డ అతికించి అందిస్తుంటే, అత్త చిన్నపిల్లలా నాలుక కొరుక్కుంటూ అన్నిటికీ కుట్టింది. అన్నం సంగతి ఆజ్ఞాపించిన మనిషికే గుర్తులేదు.

సాయంత్రం ఫ్రేముల బాబాయి వచ్చి ఒక బొమ్మ ఎత్తి చూశాడు.

"కుట్లన్నీ ఎదురువైపుకి వాలాయేంటమ్మా? విప్పి మళ్ళీ వేయించకపోయావా?"

"ఒక్క పోగు లాగినా ఊరుకోను బాబాయ్," అంది ఆమె. అత్త కొంగుతో ఆమె మూతి మీది సిరా తుడిచింది, ఎడమచేత్తోనే.

ఆ బొమ్మ ఇప్పుడు ఎవరింటి గోడ మీద ఉందో తెలియదు. మీరు మాత్రం ఈసారి చొక్కా బొత్తాం పెట్టుకునేటప్పుడు కాజా అంచు మీద ఒకసారి వేలు ఆనించి, ఈ అత్తను తలుచుకోండి.