బాపయ్య వేలిముద్ర

మైదాపిండి ఉండ కట్టకుండా ఉడకబెట్టడంలో బాపయ్యను మించినవాడు లేడు గానీ, ఆ సంగతి సినిమా హాలు వెనక గోడ దాటి ఎప్పుడూ బయటికి రాలేదు. పొద్దున్నే మూడు రాళ్ల పొయ్యి మీద డేగిసా పెట్టి, కర్రతో తిప్పుతూ, మైలుతుత్తం కలిపిన నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తున్నాడు. అది పడితే పోస్టరుకు పురుగు పట్టదు, గేదెలు నాకవు. పడకపోతే చీమకుర్తి గేదెలు ఎంత పెద్ద హీరోనైనా తెల్లారేసరికి నమిలి మింగేస్తాయి. ఏళ్ల తరబడి ఆ నీలం నీళ్లలో నాని అతని గోళ్లు పాచిరంగుకు తిరిగాయి. నిన్నటి నుంచి ఎడమ భుజం పట్టేసినట్టుగా ఉంది. నిచ్చెన మోసిన పట్టే అనుకుని కర్రను కుడిచేతికి మార్చుకున్నాడు.

సన్నటి మనిషి. మెడ కాస్త ముందుకు సాగి ఉంటుంది, ఎప్పుడూ పైన ఉన్న గోడలను చూసి చూసి. ఖాకీ చొక్కా ముందుభాగం పిండి ఎండి అట్టకట్టింది. దాన్ని ఎంత ఉతికినా మెత్తబడదని భార్య కోటేశ్వరి ఉతకడమే మానేసింది.

పిండిని బకెట్టులోకి వంచాడు. పాత ఇనప బకెట్టు. దాని పొట్ట మీద ఎర్ర రంగుతో బెత్తెడేసి అక్షరాలు: బాపయ్య. తనే రాసుకున్నాడు. బడికి వెళ్లే వయసులో గేదెల వెనక వెళ్లి, మీసాలు వచ్చే వయసులో ఈ హాలుకు వచ్చాడు. పోస్టరు మీద ఆటల వేళలు, హాలు పేరు ఉన్న స్లిప్పు అంటించాలి గదా. అది తలకిందులైతే అప్పటి మేనేజరు తిట్టే తిట్లకు భయపడి ఒక్కో అక్షరాన్నీ ఆనవాలు పట్టాడు. ‘నేడే’ ముందు వచ్చింది. తర్వాత ‘చూడండి’. అలా గోడలు చదివి చదువుకున్నాడు. అచ్చులో చిన్న అక్షరాలు ఇప్పటికీ అతనికి చీమల్లాగే కనిపిస్తాయి. చెయ్యంత అక్షరమైతే మాత్రం ఎంత దూరం నుంచైనా చదువుతాడు. బ్యాంకులో సంతకం పెడితే గడి దాటి పక్కవాడి గడిలోకి పోతుంది. ఆ గుమాస్తా ప్రతిసారీ విసుక్కుంటాడు, బాపయ్య ప్రతిసారీ లోలోపల మురిసిపోతాడు. పెళ్లయిన కొత్తలో బొగ్గుతో గోడ మీద ‘కోటేశ్వరి’ అని రాసి చూపిస్తే, ఆమె కొంగు నోట్లో కుక్కుకుని, "అదంతా నేనేనా!" అంది.

"బాపయ్యా, చొక్కా మార్చుకో. ఒంగోలు పోదాం" అన్నాడు కారు దిగకుండానే హాలు యజమాని నాగేంద్రబాబు.

"నేనెందుకండి బాబు గారూ?"

"లాయరు గారు రమ్మన్నారు. చిన్న సంతకం."

సంతకం అనేసరికి బాపయ్య పంపు దగ్గరికి వెళ్లి, సబ్బు అడిగి తీసుకుని, మోచేతుల దాకా రుద్దుకున్నాడు. గేటు దగ్గర కూర్చున్న మాబు సాహెబ్ నవ్వాడు. "ఏందన్నా, పెళ్లికొడుకు మాదిరి తయారవతన్నావే?"

"సంతకమంటరా మాబూ" అన్నాడు బాపయ్య.

ఆ సంతకం వెనక కథ ఊరందరికీ తెలిసిందే. పోయిన ఏడాది హీరో పుట్టినరోజుకు ఒక పాత సినిమాను కొత్త మెరుగులు దిద్ది మళ్లీ విడుదల చేశారు. సినిమాలు ఫోన్లలోకి వచ్చాక హాలు మొహం చూడని జనాన్ని ఎలా రప్పించాలా అని ఆలోచించి నాగేంద్రబాబు స్లిప్పులు అచ్చు వేయించాడు: ‘ఇదే ఆఖరి విడుదల. ఇక ఏ హాల్లోనూ రాదు.’ జనం విరగబడ్డారు. గ్రానైట్ లారీల డ్రైవర్లు రోడ్డు పక్కన బండ్లు ఆపేసి మరీ వచ్చారు. ఈ ఏడాది పుట్టినరోజు మళ్లీ వచ్చింది, దానితో పాటు సినిమా కూడా వచ్చింది. అంతవరకు జనం నవ్వుకుని ఊరుకునేవాళ్లే. కనిగిరి నుంచి వచ్చిన సంజీవరావు మాత్రం ఊరుకోలేదు.

పోయిన ఏడాది, తుంటికి ఆపరేషన్ అయిన తండ్రిని, డాక్టరు వద్దంటున్నా, ఆఖరిసారి గదా అని కారులో ఎక్కించుకుని తెచ్చాడు సంజీవరావు. ముసలాయనకు ఆ సినిమా అంటే ప్రాణమట. కుర్చీతో సహా ఎత్తి మెట్లెక్కించినప్పుడు ఒక కోడు పట్టింది బాపయ్యే. ఆ కుదుపులకు కుట్లు తెగి, చీము పట్టి, ముసలాయన ఇప్పటికీ మంచం మీదే ఉన్నాడు. అబద్ధపు ప్రకటనతో మోసం చేశారని సంజీవరావు వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాడు. పోస్టరు మాది గానీ స్లిప్పు మాది కాదని సినిమా పంపిణీ చేసినవాళ్లు తప్పుకున్నారు. ఇక మిగిలింది హాలు.

లాయరు లక్ష్మీనరసింహం మర్యాదస్తుడు. బాపయ్యకు కుర్చీ చూపించాడు. బాపయ్య అంచున కూర్చున్నాడు. టైపు కొట్టిన కాగితాన్ని లాయరు నెమ్మదిగా చదివి వినిపించాడు. "‘నాకు చదువు రాదు. స్టోరు గదిలో వేరే సినిమా తాలూకు మిగిలిపోయిన స్లిప్పుల కట్ట ఉంటే, దాని మీద ఏముందో తెలియక, యజమానికి చెప్పకుండా నేనే అంటించాను.’ ఇంతే బాపయ్యా."

బాపయ్య నాగేంద్రబాబు వైపు చూశాడు. "నాకు చదువొచ్చు గదండి. పెద్దక్షరాలైతే."

"అదే చెప్పొద్దంటున్నా" అన్నాడు లాయరు. "తెలిసి అంటిస్తే మోసం. తెలియక అంటిస్తే పొరపాటు. మోసమని తేలిందనుకో, పరిహారం కట్టాలి, ఇప్పుడు ఆడే సినిమా కూడా ఆపాల్సొస్తుంది. పొరపాటైతే మందలించి వదిలేస్తారు."

"ఆ రోజు నేనడిగా గదండి బాబు గారూ. నిజంగానే ఆఖరాండీ అని. నీకెందుకయ్యా, అంటించు అన్నారు."

నాగేంద్రబాబు ఫ్యాను వైపు చూశాడు. చెడ్డవాడేమీ కాదు. తండ్రి కట్టించిన హాలును తన చేతుల మీదుగా మూయడం ఇష్టం లేనివాడు, అంతే. "అనుంటాలే. ఇప్పుడవన్నీ ఎందుకు? హాలు మూస్తే నువ్వేం తింటావు, మాబు ఏం తింటాడు? గ్రానైటోళ్లు గోడౌనుకు ఇమ్మని రోజూ ఫోన్ చేస్తా ఉండారు. నీకేం కాదు బాపయ్యా. చదువురానోడి మీద ఎవరన్నా కేసేస్తారా?"

చదువురానోడు. ఆ మాట బాపయ్యకు చెంప మీద కొట్టినట్టే తగిలింది. ఇన్నేళ్లలో ఒక్క స్లిప్పు వంకరగా అంటించినవాడు కాదు. ఇప్పుడు ఊళ్లో గోడలన్నిటి మీదా కళ్లు మూసుకుని అంటించానని ఒప్పుకోవాలి. పైగా మంచంలో ఉన్న ఆ ముసలాయనకు విరోధంగా. కుర్చీ ఎత్తినప్పుడు ఆయన తన భుజం పట్టుకుని, "జాగ్రత్త నాయనా" అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. కానీ మాబు సాహెబ్‌కు గేటు తప్ప వేరే బతుకు లేదు. తనకు గోడలు తప్ప లేవు.

చాలాసేపటికి బల్ల మీద పెన్ను తీసుకున్నాడు. లాయరు దాన్ని సున్నితంగా అతని వేళ్ల మధ్య నుంచి తీసేసుకున్నాడు. "సంతకం కాదయ్యా. వేలిముద్ర. చదువు రాదని రాసి కింద సంతకం పెడితే నవ్వుతారు. రేషన్ షాపులో వేస్తానే ఉన్నావుగా?"

"అది మిషనండి. ఇది కాయితం."

సిరా డబ్బా మూత తీశారు. లాయరే అతని బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది, కాగితం మీద ఆ పక్క నుంచి ఈ పక్కకు దొర్లించాడు. గడిలో సరిగ్గా సరిపోయింది. బాపయ్య జీవితంలో గడి దాటని గుర్తు అదొక్కటే.

వేలిముద్ర వేసే అలవాటున్నవాళ్లు సిరాను తలవెంట్రుకలకు తుడుచుకుంటారు. బాపయ్యకు ఆ అలవాటు లేదు. ఆ వేలిని ఏం చేసుకోవాలో తెలియక, ఒంగోలు నుంచి చీమకుర్తి దాకా కారులో దాన్ని విడిగా, ఒళ్లో పైకి పట్టుకునే కూర్చున్నాడు. మంచినీళ్లు అడుగుదామనుకుని అడగలేదు.

ఇంటి దగ్గర కోటేశ్వరి పంచలో మిరపకాయల రాశి ముందు కూర్చుని తొడిమలు తీస్తోంది. ఘాటుకు ముక్కుకు గుడ్డ కట్టుకుంది. మంటలెత్తే చేతులతో అన్నం వడ్డించడం ఇష్టం లేక, "కుండలో ఉంది, పెట్టుకో" అంది. అతను కంచం ముందు కూర్చున్నాక వేలు చూసింది.

"ఏందయ్యా ఆ సిరా?"

"రేషను."

"రేషను మిషనుకు సిరా ఏంది?"

బాపయ్య ముద్ద కలుపుతూ ఉండిపోయాడు. కోటేశ్వరి కాసేపు చూసి, ముక్కు గుడ్డ సరిచేసుకుని మళ్లీ తొడిమల్లో పడింది. ఏం జరిగిందో ఆమెకు తెలియదు. జరగకూడనిదేదో జరిగిందని మాత్రం తెలిసింది. అతను సగం అన్నం వదిలేసి లేచాడు.

"ఎండలో ఏం పోతావు? పొద్దు వాలనీ" అంది.

"మొదటాటకు ముందే అయిపోవాలి" అంటూ చొక్కా మార్చుకుని వెళ్లాడు.

పోస్టర్ల కట్ట, ‘మళ్లీ విడుదల’ అన్న కొత్త స్లిప్పులు, బకెట్టు, నిచ్చెన. పాత స్లిప్పు ఎక్కడ కనబడినా దాని మీద కొత్తది పడాలని నాగేంద్రబాబు గట్టిగా చెప్పాడు. గీకి తీసేయొచ్చు గదా అంటే తీయడం కుదరదు. బాపయ్య పిండి అలాంటిది. గోడ పెచ్చు ఊడుతుంది గానీ కాగితం ఊడదు. నాలుగు వీధుల్లో కప్పుకుంటూ బస్టాండు గోడ దగ్గరికి వచ్చేసరికి ఎండ కొంచెం తగ్గింది. లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి.

గోడ మీద గ్రానైట్ దుమ్ము తెల్లగా పేరుకుంది. దుమ్ము మీద పిండి పట్టదు. తడి గుడ్డతో తుడిచాడు. కింద నుంచి పోయిన ఏడాది స్లిప్పు నిన్న అంటించినంత నీటుగా బయటపడింది. ‘ఇదే ఆఖరి విడుదల’ అని పైకే చదివాడు. పక్కన బస్సు కోసం నిలబడిన ఒక ఆడమనిషి తలతిప్పి, "ఆఖరా? మరి ఈరోజు ఆడేదేంది?" అని నవ్వింది.

"చదివానమ్మా, అంతే" అన్నాడు బాపయ్య.

బ్రష్షు ముంచి పిండి పూశాడు. పోస్టరు పరిచి, మధ్య నుంచి అంచులకు అరచేత్తో గాలి తోసేశాడు. స్లిప్పు అంటించి, వెనక్కి జరిగి చూశాడు. తిన్నగానే ఉంది. ఎడమ చెయ్యి వేళ్ల దాకా తిమ్మిరెక్కింది, నుదుట చెమట పట్టింది. బ్రష్షును బకెట్టులో నిలబెట్టి, కాసేపు కూర్చుందామని గోడకు చేరగిలబడ్డాడు.

బస్సు వచ్చింది, ఆ ఆడమనిషి ఎక్కి వెళ్లిపోయింది. ఇంకొకటి వచ్చింది. ఎండకు కునుకు తీస్తున్నాడనే అనుకున్నారు అందరూ. మొదటాట వేళకు ఇంకా రాలేదేమని వెతుక్కుంటూ వచ్చిన మాబు సాహెబ్, "బాపయ్యన్నా" అని భుజం తట్టాడు. మనిషి పక్కకు ఒరిగాడు. మాబు సాహెబ్ కేక వీధి చివరిదాకా వినబడింది. హాల్లో ఆట మాత్రం ఆపలేదు.

మర్నాడు నాగేంద్రబాబు దండ తెచ్చి వేశాడు. నిజంగానే ఏడ్చాడు. బయటికి వచ్చి లాయరుకు ఫోన్ చేస్తే అవతల నుంచి, "పాపం" అని వినిపించింది. ఆ తర్వాత, "ఇక అవతలి లాయరు అడ్డప్రశ్నలు వేయడానికి మనిషి లేడు. కాగితం ఒక్కటే మాట్లాడుతుంది. చదువు వచ్చినట్టు గుర్తులేవీ హాల్లో లేకుండా చూసుకోండి" అని వినిపించింది.

బాపయ్యను సాగనంపాక కోటేశ్వరి హాలు గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. "బాబు గారూ, ఆయన బకెట్టు ఇప్పించండి. దాని మీద ఆయన పేరుందంట."

నాగేంద్రబాబు ఆమె మొహం చూడలేకపోయాడు. "ఇస్తానమ్మా. కేసు అయిపోనీ" అన్నాడు.

ఆమె వెళ్లాక మాబు సాహెబ్‌ను పిలిచి, బకెట్టు మీద ఏదన్నా అంటించమన్నాడు. మాబు సాహెబ్‌కు చదువు రాదు. ఎందుకని అడగలేదు. అడుగున మిగిలిన పిండిని వేలితో గీకి, ఒక ‘మళ్లీ విడుదల’ స్లిప్పును బకెట్టు పొట్ట చుట్టూ చుట్టి, ఏడుస్తూ అదిమాడు.

అతనికి చేయి తిరిగిన పని కాదు. సాయంత్రానికే స్లిప్పు ఒక పక్క ఊడి పైకి లేచింది. హాలు మెట్ల కింద, బ్రష్షు గట్టిపడిపోయి నిలబడి ఉన్న ఆ బకెట్టు మీద, కాగితం చాటు నుంచి బెత్తెడు ఎర్రటి ‘బా’ కనబడుతోంది.