నాలుగో ప్రశ్నకు జవాబు

పేరేసంద్ర దాటి మూడు మైళ్లు వచ్చాక కత్తి డ్రైవర్ కృష్ణప్ప మెడలో దిగింది.

స్టీరింగ్ మీదికి నెత్తురు చిమ్మింది. కారు రోడ్డు దిగి, బండను రాసుకుని ఆగింది. ఇంజను చచ్చిపోయింది.

వెనక సీట్లో ఉన్నది జనార్దన. అతను బాగేపల్లి మిడిల్ స్కూల్లో మాస్టరు. ఒడిలో ఏడో క్లాసు పిల్లల జవాబు కాగితాలున్నాయి. మధ్యాహ్నం రెండు గంటలకు అతను చిక్కబళ్ళాపుర కోర్టులో సాక్ష్యం చెప్పాలి. చింతామణి సంతలో నరసింహప్ప మచ్చుకత్తితో మునిశామప్పను నరికినప్పుడు పదడుగుల దూరంలో నిలబడి చూసింది అతనొక్కడే. ఏమీ చూడలేదని చెప్పమని నరసింహప్ప రెండుసార్లు కబురు పంపాడు. అబద్ధం తన నోట రాదని జనార్దన రెండుసార్లూ తిప్పి పంపాడు.

మూడోసారి నరసింహప్ప కబురు కాదు, చిన్నప్పను పంపాడు. బాగేపల్లిలో బాడుగ ఇచ్చి ఇదే కారులో ముందు సీట్లో కూర్చుని, దారంతా డ్రైవర్‌తో శెనక్కాయల ధర మాట్లాడుతూ వచ్చాడు.

ఇప్పుడు కృష్ణప్ప శవాన్ని జుట్టు పట్టి లాగి, గుంతలో తోసి, పైన ముళ్లకంప కప్పాడు. జనార్దన ఒళ్లోంచి రెండు కాగితాలు లాక్కుని కత్తి తుడుచుకున్నాడు. మిగతావి గాలికి రోడ్డంతా ఎగిరాయి.

"కొండెనక రాళ్ల గని ఉండాది," అన్నాడు. "ఆడిదాకా ప్రాణంతోనే రా అయ్యోరా. దావలో ఎవురన్నా చూస్తే శవం కంటే నువ్వే బాగుంటావు."

అంటే కారు కదిలితే గనిలో తన చావు. కదలకపోతే కాసేపటికి అనంతపురం బస్సు వస్తుంది.

తను ఇంజను తిప్పేలోగా పారిపోకుండా చిన్నప్ప అతన్ని డ్రైవర్ సీట్లోకి ఈడ్చి, ఎడమ చేతిని తువ్వాలుతో స్టీరింగుకు కట్టేశాడు. ముప్ఫై ఏళ్లనాటి కారు. ముందువైపు హ్యాండిల్ పెట్టి తిప్పితేగాని ఇంజను రాదు. హ్యాండిల్ తీసిన చిన్నప్ప స్టీరింగ్ కింద ఉన్న రెండు సన్నటి కడ్డీలను చూసి ఆగాడు. అతను తోలిన లారీల్లో అవి లేవు.

"ఇవేమిటికి?"

ఆ కడ్డీల సంగతి జనార్దనకు తెలుసు. మొన్ననే ఆ బొమ్మ బోర్డు మీద గీశాడు. తొలినాటి మోటార్ల మీద పాఠం రాయించి, చదివి జవాబు రాయమని అయిదు ప్రశ్నలిచ్చాడు. నాలుగోది: పాతకాలపు కార్లు హ్యాండిల్ తిప్పేవాడి చెయ్యి ఎందుకు విరిచేవి? ఎడమ కడ్డీ కిందికి ఉంటే, పిస్టను పైకి చేరకముందే నిప్పురవ్వ పడి ఇంజను వెనక్కి తిరుగుతుందని రాయాలి. తిప్పేముందు కడ్డీని పైకి ఎత్తాలని రాయాలి. ఒకడు మాత్రం ఇంజనుకు కోపమొచ్చి తన్నిందని రాశాడు. వాడికి సున్నా వేశాడు.

ఎడమ కడ్డీ ఇప్పుడు పూర్తిగా కిందికి ఉంది. కృష్ణప్ప నడుపుతూ వదిలేసిన చోటే.

"నిన్నే అడిగేది. ఈ ఎడమది పైకి ఎత్తల్లా, కిందికే ఉండల్లా?" చిన్నప్ప కత్తిమొన అతని కంటి కింద ఆనించాడు. చర్మం తెగింది. "నువ్వు అబద్ధం చెప్పవంట కదా. అందుకే నిన్ను చంపమన్యారు."

నెత్తురు పెదవి మీదికి కారింది.

"కిందికే ఉండనీప్పా," అన్నాడు జనార్దన.

చిన్నప్ప నమ్మాడు. ముందుకెళ్లి, గడ్డపార పట్టినట్టు బొటనవేలు చుట్టి హ్యాండిల్ బిగించి పట్టాడు. బలమంతా పెట్టి తిప్పాడు.

ఇంజను తుపాకిలా పేలింది. హ్యాండిల్ వెనక్కి తన్నింది. మణికట్టు ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చింది. చిన్నప్ప ముందుకు తూలాడు, దవడ రేడియేటర్‌కు కొట్టుకుంది.

జనార్దన పళ్లతో ముడి విప్పుకుంటున్నాడు. ముడి ఊడేసరికి చిన్నప్ప ఎడమ చేత్తో కత్తి పట్టుకుని వచ్చేశాడు. మొదటి పోటు జనార్దన భుజంలో దిగింది. ఇద్దరూ రోడ్డు మీద పడ్డారు. జనార్దన విరిగిన మణికట్టును రెండు చేతులా పట్టి మెలితిప్పాడు. చిన్నప్ప కేక కొండకు తగిలి తిరిగొచ్చింది. కత్తి జారింది. జనార్దన పాకుతూ పోయి హ్యాండిల్ ఊడదీసి వాడి మోకాలి మీద కొట్టాడు. లేవబోతే మళ్లీ కొట్టాడు. అనంతపురం బస్సు ఆగేదాకా కొడుతూనే ఉన్నాడు.

ఆ బస్సులోనే వచ్చి, రెండున్నరకు కోర్టులో, నెత్తురు ఎండిన చొక్కాతో అతను బోనెక్కాడు. జరిగినదంతా చెప్పాడు. నరసింహప్ప వకీలు వెటకారంగా నవ్వి, మాస్టరుగారు ఈ జన్మలో అబద్ధమే ఆడలేదా అని కన్నడంలో అడిగాడు.

"ఈ పొద్దు ఒకటి ఆడినాను స్వామీ," అన్నాడు జనార్దన. "అది చిన్నప్పతో, కడ్డీ గురించి. ఆ సంగతీ ఇప్పుడే చెప్పినాను. సంతలో చూసింది మాత్రం నిజం."

బోను కొయ్యను పట్టుకుని, నరసింహప్ప వైపు వేలు చూపించాడు.