ఫంక్షన్‌కు చెందని పేజీ

నేను ఒక చీటీల యంత్రాన్ని. మనిషెత్తు ఉంటాను. ముఖం నిండా అద్దం, పొట్టలో కాగితం చుట్ట. పల్నాటి అంచున ఉన్న ఒక మిర్చి యార్డులో గేటు పక్కనే నా కాపురం. రైతు వచ్చి నా ముఖం మీద వేలు ఆనించి పేరు, ఊరు, తెచ్చిన టిక్కీల లెక్క చెబితే నేను లాటు చీటీ ఇవ్వాలి. టిక్కీ అంటే మిరపకాయల బస్తా. చీటీ ఉన్న బస్తాల దగ్గరే వ్యాపారి ఆగి ధర చెబుతాడు. చీటీ లేకపోతే అందులో ఎంత మంచి కాయ ఉన్నా ముఖం తిప్పుకుని పోతాడు. ఇంత చిన్న పనికి ఇంత పెద్ద ఒళ్లెందుకని మీరు అడగొచ్చు. ఆ సంగతి నన్ను కాదు, నన్ను కొన్నవాళ్లను అడగాలి.

నేను పుట్టింది హైదరాబాదులో, దుప్పటి కప్పుకోవాలనిపించేంత చల్లటి గదిలో. నన్ను తయారుచేసిన పిల్లలు తెలివైనవాళ్లే, కాదనను. కాకపోతే మిరపకాయను కారప్పొడిగా తప్ప మరో రూపంలో చూసి ఉండరు. యార్డు ఎట్లా ఉంటుందో చూసి వద్దామని ఒకరిద్దరు అన్నారు గానీ ఆ నెలలో ఎండ ఎక్కువగా ఉందని మానుకున్నారు. ఆ ఎండలో నేను నిలబడాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

నన్ను అమ్మడానికి ప్రణీత్ అనే అబ్బాయి యార్డుకు వచ్చాడు. కొనడానికి కూర్చున్నది యార్డు కార్యదర్శి వీరరాఘవులు గారు. ఇద్దరి మధ్యా ఒప్పందం. నేనేమేం చేయాలో అందులో పేజీలకు పేజీలు రాశారు. తెలుగులో మాట్లాడాలి. రైతుకు నమస్కారం పెట్టాలి. తెర మీద ముందు కార్యదర్శి గారి ఫోటో రావాలి. ఆ ఫోటో ఏ మూల ఉండాలి, ఎంత సైజు ఉండాలి అన్నదాని మీద ఒక పూట గడిచింది. చివరికి ఇంకో పేజీ మిగిలింది. దాని పైన ‘నాన్ ఫంక్షనల్ రిక్వైర్‌మెంట్స్’ అని ఉంది. కింద అన్నీ ఖాళీలే. చీటీ ఎన్ని క్షణాల్లో రావాలి, ఒకేసారి ఎంతమంది వస్తే తట్టుకోవాలి, ఎంత ఎండకు, ఎంత దుమ్ముకు ఓర్చుకోవాలి, చెడిపోతే బాగుచేసేవాడు ఎంతలో రావాలి, అప్పటిదాకా ఏం చేయాలి. నేను చేసే పనులు కావవి. ఆ పనులు ఎట్లా చేస్తానన్నది. చెప్పాలంటే నా బతుకంతా ఆ ఒక్క పేజీలోనే ఉంది.

వీరరాఘవులు గారు ఆ శీర్షికను రెండుసార్లు చదివారు. ఆయనకు తెలిసినంతలో ఫంక్షన్ అంటే పెళ్లి, ఓణీలు, గృహప్రవేశం, ఇట్లాంటివి.

“ఏందయ్యా ఇది, నాన్ ఫంక్షనలా? అంటే ఫంక్షన్ పెట్టుకోనోళ్లకి గదా?” అన్నారు.

ప్రణీత్ నోరు తెరిచాడు. ఆయన ఆగలేదు.

“మేం ప్రారంభోత్సవం పెద్ద ఫంక్షన్ పెడుతున్నాం. షామియానా కూడా చెప్పేశాం. ఇంక ఈ పేజీ మనకెందుకు? కొట్టెయ్.”

ప్రణీత్ తెరిచిన నోరు మూసుకున్నాడు. ఆ పేజీలో ఖాళీలు నింపితే వాటికి కట్టుబడాల్సింది తన కంపెనీయే. పైగా పెద్దవాళ్లను తప్పుబట్టడం మర్యాద కాదని వాళ్లమ్మ చెప్పే ఉంటుంది. “మీ ఇష్టం సర్” అని నిలువునా ఒక గీత గీశాడు. అయినా కార్యదర్శి గారు మరీ అంత ఆషామాషీ మనిషి కాదు. వేరే పేజీలో అడుగున తన చేత్తో ఒక వాక్యం చేర్పించారు: ‘మీట నొక్కిన వెంటనే చీటీ రావలెను.’ ఆ తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, “వెంటనే అన్నాక ఇంకేం కావాలి?” అన్నారు. అందరికీ టీ వచ్చింది.

ఫంక్షన్ మాత్రం బ్రహ్మాండంగా జరిగింది. నాకు బొట్టు పెట్టారు, దండ వేశారు. నా గాలి కన్నాల మీదే ఆ దండ పడింది. కార్యదర్శి గారు ఒక్కరే ఒక్క వేలితో ఒక్కసారి నొక్కారు. నేను టక్కున చీటీ ఇచ్చాను. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్యే గేటు గుమాస్తాలు చేత్తో చీటీలు రాయడం ఆపేశారు. ‘చేతిరాత చీటీలు చెల్లవు’ అని బోర్డు కూడా కట్టారు.

మిర్చి కోతలు లేని నెలల్లో నా అంత చురుకైనది ఆ యార్డులో లేదు. ఎవరూ రారు కాబట్టి ఎవరినీ నిలబెట్టలేదు. నేను నూటికి నూరుపాళ్లు పనిచేస్తున్నానని హైదరాబాదుకు నివేదికలు వెళ్లాయి. తర్వాత ఎండలు వచ్చాయి, వాటితో పాటు ట్రాక్టర్లు వచ్చాయి. యార్డంతా మిరప ఘాటు. మనుషులైతే తుమ్ముకుంటారు, కళ్లు తుడుచుకుంటారు. ఆ ఘాటంతా నేను మాత్రం పొట్టలోకే పీల్చుకోవాలి. తుమ్మే ఏర్పాటు నాకు లేదు. ఒప్పందంలో ఎవరూ అడగలేదు. పైగా నా బుర్ర నా దగ్గర లేదు, హైదరాబాదులో ఉంది. నాలాంటి యంత్రాలు ఆ యార్డులో మరికొన్ని ఉన్నాయి. అందరికీ ఆ బుర్ర ఒక్కటే. ప్రతి చీటీకీ మేమంతా దాన్ని అడిగి, జవాబు వచ్చేదాకా తెర మీద చిన్న చక్రం తిప్పుకుంటూ కూర్చుంటాం.

మస్తానమ్మ అట్లాంటి రోజునే వచ్చింది. ఆమె కౌలు రైతు. ఏడాదంతా పెట్టుబడి పెట్టి, బొబ్బర తెగులు నుంచి ఎట్లాగో కాపాడుకుని, కోసి, ఆరబెట్టి తెచ్చిన తేజా రకం కాయ. షెడ్లన్నీ అప్పటికే నిండిపోవడంతో ఆమె టిక్కీలను ఆరుబయట దించారు. పడమటి దిక్కున మబ్బు పట్టింది. యార్డులో వేలం పొద్దున్నే మొదలై గంట కొట్టేదాకానే సాగుతుంది. గంటలోపు చీటీ వస్తే వ్యాపారి కొంటాడు, సరుకు అతని గోదాములోకి పోతుంది, వాన వస్తే రానీ. చీటీ రాకపోతే ఆమె ఏడాది కష్టం ఆకాశం కింద ఉంటుంది. ఆమెకు ఇది తెలుసు. నాకూ తెలుసు.

ఆమె ముందు చేతులు కొంగుకు తుడుచుకుంది. ఆ కారపు వేళ్లు అద్దానికి తగిలితే ఏమవుతుందోనని కాబోలు. అట్లా అనుకున్న మనిషి ఆ రోజు మొత్తంలో ఆమె ఒక్కతే. పేరు చెప్పింది, ఊరు చెప్పింది, నొక్కింది. నేను హైదరాబాదును అడిగాను. చక్రం తిరగడం మొదలైంది.

“ఇదేంది, తిరగతానే ఉంది?” అంది.

పక్కనే హమాలీ నాగుల్‌మీరా ఉన్నాడు. “మళ్లీ నొక్కమాక అక్కా. నొక్కితే మొదటికొచ్చిద్ది” అన్నాడు.

ఆమె నొక్కలేదు. వెనకున్నవాళ్లు అరిచారు, తోశారు. ఆమె కదలలేదు. చెయ్యి తీస్తే పోతుందేమోనని వేలు అట్లాగే గాలిలో పట్టుకుని నిలబడింది. కాసేపటికి కార్యదర్శి గారి గది ముందుకు పరిగెత్తింది. “అయ్యా, మబ్బు ముసురుకుంది. చేత్తో రాసియ్యండయ్యా, మీ కాళ్లు పట్టుకుంటా” అంది.

“చెల్లవని బోర్డు నేనే పెట్టిస్తినమ్మా. నేనే ఎట్టా రాసిచ్చేది?” అని ఆయన ప్రణీత్‌కు ఫోన్ చేశారు.

“మెషీన్ పనిచేస్తోంది సర్. ఇక్కడ మా తెర మీద లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయి” అన్నాడు ప్రణీత్. అతడు చెప్పింది అబద్ధం కాదు. నేను పనిచేస్తూనే ఉన్నాను. చక్రం తిప్పడం కూడా పనే కదా.

గంట కొట్టారు. వ్యాపారులు గొడుగులు తీసుకున్నారు. ఆ వెనకే వాన దిగింది. మస్తానమ్మ తన టిక్కీల వైపు పరిగెత్తి పాత టార్పాలిన్ పట్టా ఒకటి మీదికి లాగింది. అది సగం బస్తాలకు కూడా సరిపోలేదు. మిగతా సగం మీద తనే చేతులు చాచి పడుకుంది. మనిషి ఒళ్లు ఎన్ని బస్తాలను కప్పుతుంది? నాగుల్‌మీరా లేవదీయబోతే లేవలేదు. అప్పుడు హైదరాబాదు నుంచి జవాబు వచ్చింది. నేను చీటీ ఇచ్చాను. శుభ్రంగా, అక్షరం తప్పు లేకుండా, ‘మస్తానమ్మ గారికి ధన్యవాదాలు’ అని కింద వేసి మరీ ఇచ్చాను. తీసుకోవడానికి అక్కడ ఎవరూ లేరు. నాకు ఏడుపు వచ్చింది. ఆ ఏర్పాటూ లేదు.

తడిసిన కాయ రంగు మారింది, బూజు పట్టింది. అంతా ధర పలకని తాలు కింద జమకట్టారు. రైతులు రోడ్డెక్కారు. అప్పుడు యార్డు వాళ్లు కంపెనీ మీద ఫిర్యాదు చేస్తే తగవు ఒక మధ్యవర్తి ముందుకు వెళ్లింది. ఆయన రిటైరైన జడ్జి. నన్ను కూడా సాక్ష్యంగా లారీలో ఎక్కించుకుపోయారు. అక్కడ చల్లటి గది. చాలా రోజుల తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

కంపెనీ వకీలు లేచి, “చీటీ వచ్చిందా లేదా? వచ్చింది. అందులో తప్పుందా? లేదు” అన్నాడు.

“వెంటనే రావాలని రాసుకున్నాం గదండీ!” అన్నారు వీరరాఘవులు గారు.

వకీలు దానికోసమే ఎదురుచూస్తున్నాడు. సంచిలోంచి ఒక కట్ట తీశాడు. రైతుల అర్జీలకు యార్డు వాళ్లు రాసిన జవాబులవి. షెడ్డు కారుతోందని అర్జీ పెడితే ‘వెంటనే చర్య తీసుకొనబడును’. ఆరుబయట దించిన సరుకుకు పట్టాలు కావాలంటే ‘వెంటనే సమకూర్చబడును’. అన్నిటికింద కార్యదర్శి గారి సంతకమే. “ఆ షెడ్డు ఇప్పటికీ కారుతోంది. పట్టాలు రానేలేదు. వీరి కార్యాలయంలో వెంటనే అంటే ఏళ్ల వ్యవహారం. ఆ లెక్కన మా యంత్రం మెరుపు వేగంతో పనిచేసినట్టే” అన్నాడు.

మధ్యవర్తి కళ్లజోడు సర్దుకుని ఒప్పందం తిరగేశారు. “ఇదిగో, ఎంతసేపట్లో రావాలో రాసుకోవడానికి ఇక్కడ ఒక పేజీ ఉందే. దీన్నెందుకు కొట్టేశారు?”

“అది ఫంక్షన్ పెట్టనోళ్లకండీ. మేం ఫంక్షన్ చేశాం. ఫోటోలు కూడా ఉన్నాయి” అన్నారు వీరరాఘవులు గారు. చెప్పడమే కాదు, తీసి చూపించారు కూడా. మధ్యవర్తి మంచినీళ్లు అడిగి తాగారు. తీర్పు కంపెనీకే వచ్చింది.

నన్ను తిరిగి తెచ్చి పాత గోనెసంచుల గోదాములో పడేశారు. ఇప్పుడు కొత్త యంత్రాలు కొంటున్నారట. ఒప్పందం రాసే రోజున కార్యదర్శి గారు గోదాము గుమ్మంలో నిలబడి ఫోన్లో చెబుతుంటే విన్నాను. “ఈసారి ఎలక్షన్ కోడ్ ఉందయ్యా. ఫంక్షన్ పెట్టట్లేదు. అందుకని ఆ పేజీ ఉంచండి.” నా గుండె ఉప్పొంగింది. అంతలోనే, “ఖాళీలా? ఖాళీల్లో ఏముందిలే, అన్నింట్లో ‘వర్తించదు’ అని రాసెయ్” అన్నారు.

మస్తానమ్మ మళ్లీ యార్డుకు వచ్చింది, ఈసారి రైతుగా కాదు. గోదాము ముందు నీడలో మిగతా ఆడవాళ్లతో కూర్చుని కాయల తొడిమలు తీస్తుంది. అదే ఇప్పుడు ఆమె కూలి. కౌలు పొలం చాలావరకు వదిలేసిందట, ఒక చెక్క మాత్రం ఉంచుకుందట. ఆ చెక్కలో పండిన నాలుగు టిక్కీలనూ కల్లం దగ్గరే దళారికి అమ్మేసిందని విని నాగుల్‌మీరా మందలించాడు.

“ఇంత దగ్గరుండి వాడికిచ్చావేందక్కా? ఇక్కడికి తెస్తే ఇంకాస్త ఎక్కువ వచ్చేది గదా!”

మస్తానమ్మ తల ఎత్తలేదు. చేతిలో కాయకు తొడిమ తుంచి గంపలో వేసింది.

“ఆ ఇంకాస్త కోసమే గదయ్యా, ఆయేడు అంతా తడుపుకుంది” అంది.