లాన్‌యింగ్ నోటి పొగమంచు

చైనాలోని ఆ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రంలో పొద్దున ఆరుకల్లా అందరూ ప్రహరీగోడ వైపు తిరిగి ఇంగ్లీషు పాఠాలు గొంతెత్తి చదవాలి. ఎవరి ఊరి యాస వాళ్ళ నోట్లోంచి ఆ ఊరి వాతావరణంతో సహా బయటికొచ్చేది. షాన్‌డోంగ్ వాళ్ళ ముందు గోధుమచేల దుమ్ము లేచేది. కాంటన్ వాళ్ళ పుస్తకాలు జల్లుకి తడిసేవి. హునాన్ కొండల మనిషి షు లాన్‌యింగ్‌కి 'న', 'ల' ఒకటే. నోరు తెరిస్తే పొగమంచు. ఎవరు చదువుతున్నారో చూసుకుని ఊడ్చే ఆవిడ చీపురో తడిగుడ్డో తెచ్చుకునేది.

సర్కారు బడి ఉద్యోగానికి లాన్‌యింగ్ రెండుసార్లు పాఠం చెప్పి తప్పింది. బోర్డు కనిపించలేదని రాశారు పరీక్షకులు. మూడోసారి తప్పితే ఇక రానివ్వరు. కేంద్రంలో శిక్షణ ఇచ్చే కువాంగ్ మాస్టారు మూడు నెలలు ఆమెచేత ముక్కు మూయించి పలికించారు. మూస్తే 'న' ఆగిపోవాలి, 'ల' ఆగకూడదు. మంచు పలచబడి ఆగిపోయింది. నోరు మళ్ళీ చెడుతుందని ఆమె ఇంటికి ఫోన్ చేసినా ఊరి మాట మాని బడుల్లో నేర్పే చైనీసే మాట్లాడింది.

పరీక్ష రోజు పొద్దున్నే వాళ్ళమ్మ ఫోన్. లేత చిగుళ్ళు కోసేసుకోవాల్సిన ఛింగ్‌మింగ్ పండగ దగ్గర పడింది, ఆమె ఊరి మాట మానినప్పట్నుంచీ కొండమీద మంచు లేదు, ముప్ఫై ఇళ్ళవాళ్ళ తేయాకు చిగుళ్ళూ ముదిరిపోతున్నాయి. "నిన్నెవరూ ఏమీ అనట్లేదులేవే. నీ పరీక్ష నువ్వు చూసుకో" అంది.

సంగతి విని మాస్టారు మండిపడ్డారు.

"కొత్తది నేర్చుకోమన్నానే గానీ ఉన్నదాన్ని పాతిపెట్టమన్నానా? ఆ బుద్ధితక్కువ పని నలభై ఏళ్ళ కిందట నేను చేశాను. మా ఊళ్ళో బావులన్నీ ఎండిపోయాయి. ఫోన్ చెయ్."

"ఇప్పుడు మాట్లాడితే లోపల మంచు కమ్ముతుంది మాస్టారూ."

"కమ్మనీ. నీ ముక్కు నీ దగ్గరే ఉందిగా."

పరీక్ష గది ముందు వరండాలో నిలబడి ఆమె అమ్మతో తమ మాటలోనే పావుగంట మాట్లాడింది, ఎవరి పంది ఎన్ని ఈనిందో అన్నీ అడిగింది. వరండా తెల్లబడిపోయింది. మిగతావాళ్ళు కుర్చీలు తడుముకున్నారు. అంతలో ఆమె పేరు పిలిచారు.

లోపల మొదటి మాటకే బోర్డు మసకబారింది. లాన్‌యింగ్ చేతిగుడ్డతో తుడిచి, పిల్లల్లా కూర్చున్న ఐదుగురు పరీక్షకులకి చెప్పింది.

"ముక్కులు మూసుకుని నాతో పాటు పలకండి."

పలికారు. చివర కూర్చున్న పెద్దాయన నోట్లోంచి సన్నగా పొగమంచు వచ్చింది. పక్కవాళ్ళు కాగితాలు పక్కకి జరుపుకున్నారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మళ్ళీ చెప్పించమ్మా, నాకింకా రాలేదు" అన్నాడు.

పది నిమిషాల పాఠం అరగంట సాగింది. ఉద్యోగం ఆమెకే ఇచ్చారు. అప్పటికే అక్కడ కొండమీద ఆడవాళ్ళు బుట్టలు తగిలించుకుని, ఒకరికొకరు కనిపించక, పేర్లు పెట్టి పిలుచుకుంటూ చిగుళ్ళు కోస్తున్నారు.