తోడల్లుడి కోటు

పోలీసులు పట్టుకున్న గంజాయి మూటలు దాచే గోదాముకు అతను కాపలాదారు. కొంతకాలంగా కళ్ల ఎరుపు, ముక్కు కారుడు, ఛాతీలో పిల్లికూతలు. మూటల్లో సరుకు తరిగిందని బయటపడగానే అందరూ చూసింది ఆ కళ్లనే. పీల్చింది ఇతనేనని తేల్చి ఇంట్లో కూర్చోబెట్టింది పరాయివాడు కాదు, గోదాము అధికారి, సాక్షాత్తూ తోడల్లుడు. ఆ ఉద్యోగం ఇప్పించిందీ తనేనని పెళ్లివిందుల్లో, పరామర్శల్లో కూడా చాటుకునే మనిషి.

"గంజాయి వనంలో తులసి మొక్కవనుకున్నా. కంచే చేను మేసిందన్నమాట" అని పదిమందిలో నవ్వాడు.

ఆ నవ్వుకు ఒళ్లు మండింది. ఇంటికొస్తే భార్య దగ్గరికొచ్చి నోరు వాసన చూసింది. అది మరీ మండించింది.

ఊపిరితిత్తుల డాక్టరమ్మ మాత్రం తిట్టకుండా గొట్టంలో ఊదించింది.

"ఇంట్లో ఉంటే కూతలు రావట్లేదు కదా? మీకు ఆ ఆకు పడదు. దాని దుమ్ముకే ఉబ్బసం లేస్తోంది. రుజువు కావాలంటే చర్మం మీద గుచ్చి చూడాలి. దానికి తయారు మందు దొరకదు, ఆకే కావాలి. మీ అధికారిని పిలిపించండి."

తోడల్లుడు వచ్చాడు. ఉక్కగా ఉందని కోటు విప్పి, ఇతని పక్క కుర్చీకి తగిలించాడు.

"చిటికెడు కూడా గోదాము దాటదు. దొంగ చేతికి తాళాలిస్తామా? అసలు నేనే ఆ గుమ్మం తొక్కి నెలలయింది" అన్నాడు.

మాట పూర్తవకముందే కాపలాదారు ఛాతీలో పిల్లి కూసింది. డాక్టరమ్మ మళ్లీ ఊదించింది. గొట్టం మీద ముల్లు సగానికి పడింది. పీల్చే మందు ఇచ్చి, కూతలు అణిగేదాకా ఆగి, కోటు వైపు చూసింది.

"అదొకసారి ఇస్తారా?"

"ఎందుకు?" అంటూ తోడల్లుడు లేచాడు.

గోడవారన కూర్చున్న కాపలాదారు భార్య అంతకన్నా ముందే లేచి కోటు అందుకుంది. "జేబులో ఏమీ లేకపోతే మీకు భయమెందుకు బావగారూ?" అని తెల్లకాగితం మీద దులిపింది. పచ్చటి పొడి రాలింది.

డాక్టరమ్మ ఆ పొడిని ఉప్పునీళ్లలో నానబెట్టి, ఒక చుక్క ఇతని ముంజేతి మీద వేసి సూదితో గుచ్చింది. పక్కనే ఉత్త ఉప్పునీళ్ల చుక్క వేసి గుచ్చింది. ఉత్త నీళ్ల చోట ఏమీ లేదు. పొడి నానిన నీళ్ల చోట ఎర్రటి దద్దురు ఉబ్బింది. ఇన్నాళ్ల తర్వాత అతనికి ఏడుపొచ్చింది, కోపంతో.

తోడల్లుడి గొంతు మెత్తబడింది. కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"తమ్ముడూ, మనం మనం ఒకటి. ఇంటిగుట్టు వీధిన పడేసుకుంటామా? రేపే నిన్ను పనిలోకి తీసుకుంటా. ఆ కోటు ఇటిప్పించు."

భార్య కోటు మడిచి సంచిలో పెట్టుకుంది.

కాపలాదారు ముక్కు తుడుచుకున్నాడు. "కాస్త దూరంగా కూర్చోండి అన్నయ్యా. మీరంటే నాకు పడదు. ఇప్పుడు రుజువు కూడా ఉంది."