బ్లెస్సీ ఏడవలేదు

బ్లెస్సీ పడిపోయి అప్పటికే కొంతసేపయింది. స్టేజీ ముందున్న ఇంతమందిలో ఒక్కరికీ ఒక సంగతి వింతగా తోచలేదు. పిల్ల ఏడవడం లేదు.

కుడి పాదం ఉబ్బి, గులాబీ రంగు శాటిన్ బూటులోంచి పొంగుకొస్తోంది. రిహార్సల్లో మునివేళ్ల మీద గిరగిరా తిరుగుతున్న పిల్ల, ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడై, బోర్లా పడింది. నుదురు చెక్క అంచుకు తగిలి చిట్లింది. ఇంత జరిగినా ఆ పదమూడేళ్ల పిల్ల, పక్కింటివాళ్ల కాలిని చూసినట్టు తన కాలిని చూస్తోంది.

"చూసిండ్రా? డాన్సరంటే గిట్లుండాలె! కంట్లె ఒక్క చుక్క లేదు!" అంటూ బెన్నీ మాస్టరు చప్పట్లు కొట్టాడు.

నిజంగానే కొట్టాడు. అతన్ని చూసి ముందు వరుసలో నలుగురు తల్లులు కూడా కొట్టారు.

బెన్నీ మాస్టరు బొంబాయిలో ఒక రష్యన్ దొరసాని దగ్గర బ్యాలే నేర్చుకున్నానని చెప్పుకుంటాడు. ఆ దొరసాని పేరు చెప్పిన ప్రతిసారీ మారుతుంది. కొత్తగూడెం గని కార్మికుల క్వార్టర్లలోని ఆడపిల్లలకు చర్చి హాలులో బ్యాలే నేర్పుతానని అతను బోర్డు పెట్టి మూడేళ్లయింది. ఆ మూడేళ్లలో అతను మునివేళ్ల మీద నిలబడగా చూసినవాళ్లు లేరు. బూట్ల సైజు దొరకదని చెబుతాడు.

దీవెన జనాన్ని తోసుకుంటూ స్టేజీ ఎక్కింది. ఆమె క్వార్టర్లలో పుట్టిన పిల్లే. బెంగళూరులో ఒక స్టూడియోలో డాన్సర్లకు పిలాటెస్ నేర్పేది. స్టూడియో మూతపడ్డాక తిరిగొచ్చింది. బెన్నీ ఆమెను పనిలో పెట్టుకున్నది పిల్లల ఆరోగ్యం కోసం కాదు. రంగుల కాగితం మీద 'బ్యాలే మరియు పిలాటెస్' అని అచ్చేస్తే బాగుంటుందని.

పిలాటెస్ చాప మీద చేసే వ్యాయామం. పొట్ట లోపలి కండరాలు, తుంటి, వెన్ను గట్టిపడితే గెంతినప్పుడు ఒంటి బరువంతా పాదం మీద పడదు. ఎదిగే పిల్లల ఎముకలకు అదే కాపుదల. పిల్లలకు ఈ సంగతి వారంలో అర్థమైంది. బెన్నీకి ఇప్పటికీ కాలేదు. అతను దాన్ని 'పండుకునే పీరియడ్' అంటాడు.

"జరుగు మాస్టర్," అంది దీవెన.

"ఎందుకు జరగాలె? నీ పండుకునే పీరియడ్‌లనే దీని కాలు ఖరాబైంది. రోజు కాళ్లు లేపు, దించు, లేపు, దించు! ఎముక అరగదా మరి?"

"ఎముక అరుగుతదని నీకు ఏ దొరసాని చెప్పింది?"

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. బెన్నీ ముఖం కందగడ్డలా అయింది.

అంతలో ఆరోగ్యమ్మ వచ్చింది. బ్లెస్సీ తల్లి. ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో పెద్ద నర్సు. ఆ క్వార్టర్లలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆమె గడపే తొక్కుతారు. ఆ సంగతి ఆమె ఎవరినీ మరచిపోనివ్వదు. వచ్చీరాగానే హ్యాండ్‌బ్యాగు తెరిచి, బ్లెస్సీ నుదుటి గాయం తుడిచి, దూది పెట్టింది. ప్లాస్టరు పంటితో కొరికి, ఒక కొసను లోపలికి చిన్నగా మడిచి, అతికించింది. అంతా రెప్పపాటులో అయిపోయింది.

ఆ తర్వాత దీవెన మీద పడింది. "నెల సంది నా బిడ్డ కాళ్లు గుంజి గుంజి ఇరగ్గొట్టినవ్ గదనే! నీ సదువు సల్లగుండ!"

"నెల కింద నేనేం చెప్పిన అక్కా? కాలి వేళ్లతోని తువ్వాల పట్టుకోమంటే పిల్ల పట్టలేకపోయింది. పాదం ఎముక నొస్తుందన్నది. ఎక్స్‌రే తీపియ్యి, ఎముక మానేదాంక మునివేళ్ల మీద నిలబెట్టకు అన్నగదా."

"నేను ఇరవై ఏండ్ల సంది నర్సును. నాకు చెప్తున్నవా?"

నెల కిందట కూడా ఆమె అదే మాట అంది. బెన్నీ అయితే నవ్వాడు. ఎక్స్‌రే ఎవరూ తీయించలేదు. ఎందుకంటే ఈ సాయంత్రం పిల్లల డాన్సు చూడడానికి బెంగళూరు నుంచి ఒక డాన్స్ అకాడమీ మేడమ్ వస్తోంది. ఉన్న పిల్లల్లో ఒక్కర్ని ఎంచుకుని తీసుకెళుతుంది. హాస్టలు, స్కూలు, శిక్షణ అన్నీ ఉచితం. ఆ ఒక్క సీటు కోసం పెద్దవాళ్లకు మతి పోయి నెల దాటింది. కొందరు పిల్లలకు రాత్రి అన్నం మాన్పించారు. సన్నగా కనబడాలట. బ్యాలే అంటే ఏమిటో మూడేళ్ల కిందట తెలియని తల్లులు ఇప్పుడు మడమలెత్తి నిలబడి ఒకరి పిల్లకు ఒకరు వంకలు పెడుతున్నారు.

బెన్నీ ఫోను మోగింది. "మేడమ్! వెల్‌కమ్ మేడమ్! ...గోదావరా? లేదు మేడమ్, కొత్తగూడెం స్టేషన్ పేరే భద్రాచలం రోడ్. గోదావరి ఇంకా దూరం. మీరు అక్కడ్నే ఉండండి, కారు పంపిస్త." ఫోను మూసి బ్లెస్సీ మీదికి వంగాడు. "లే బిడ్డా. స్ప్రే కొడత. సాయంత్రానికి సెట్ అయితది."

దీవెన అతని చెయ్యి తోసేసి, బూటు రిబ్బన్లు విప్పింది. పాదం నల్లగా కమిలి ఉంది. రెండో వేలి వెనక ఎముక ఉండాల్సిన వరసలో లేదు. ఇంత విరిగితే ఎవరైనా హాలు పైకప్పు లేచిపోయేలా అరవాలి.

దీవెన పాదం మీద గోటితో గీసింది. "తెలుస్తుందా?"

"ఉహూఁ."

వేళ్లు ఒక్కొక్కటే గిల్లింది. "ఇది?"

"లేదక్కా. పన్ను పీకేటప్పుడు దవడ ఉంటది సూడు, గట్ల ఉంది. నా కాలు నాది గానట్టు."

దీవెన బూటును బోర్లించి దులిపింది. నలిగిన దూది ఉండ, దానికంటుకుని ఒక ప్లాస్టరు ముక్క జారిపడ్డాయి. దూది మీద చిన్న నెత్తుటి చుక్క. పాదం దీపం వైపు తిప్పి చూస్తే, చీలమండ దగ్గర రెండు సూది పోట్లు.

"మొద్దుబార్చే మందు," అంది దీవెన, అందరికీ వినబడేలా. "నొప్పి తెలియకుండ ఎవరో సూది ఏసిండ్రు. నొప్పి తెలిస్తే పిల్ల ఆగిపోతుండె. తెలియకపోయేసరికి బీటపడ్డ ఎముక మీద తిరిగింది, ఇరిగింది. ఎవరేసిండ్రు?"

 ఆ వెంటనే, ఎవరు మొదలుపెట్టారో గానీ, అందరి తలలూ మూడో వరుస వైపు తిరిగాయి. అక్కడ ఆర్‌ఎంపీ డాక్టరు భద్రు కూర్చుని ఉన్నాడు. హాలు పక్కనే అతని దుకాణం. రిహార్సల్ తర్వాత బిర్యానీ ఉందని తెలిసి వచ్చాడు. పోయిన వారం బెన్నీ అడిగితే పిల్లలందరికీ వరసగా నిలబెట్టి 'బలం సూదులు' వేసింది అతనే.

"నా దిక్కు సూస్తరేంది?" భద్రు లేచి నిలబడ్డాడు. "నేను ఏసేది నడుముకే. దగ్గొచ్చినా నడుముకే, దమ్మొచ్చినా నడుముకే. పాదానికి ఏసుడు నాకు రాదు."

"నిజమే చెప్తున్నవా డాక్టరు సాబ్?" అంది దీవెన.

"ఏసు ప్రభువు మీద ఒట్టు, మా తండా దేవుడు సేవాలాల్ మీద ఒట్టు. ఏ నరం యాడ ఉంటదో తెలువనోడు గీడ గుచ్చితే పోరి కాలు ఎప్పుడో పోతుండె. ఇది చెయ్యి తిరిగినోళ్ల పని."

తనకు తెలియదని భద్రు నలుగురిలో ఒప్పుకోవడం అదే మొదటిసారి కావచ్చు. బిర్యానీ కూడా వదులుకునేటట్టు ఉన్నాడు, పాపం.

"అయితే గీ మాస్టరే!" ఆరోగ్యమ్మ గొంతు ఖంగుమంది. "పొద్దున నేను బిడ్డకు జడేస్తుంటె రిబ్బన్లిస్త అని తెర ఎనకకు వచ్చిండు. నేను పిన్నులకు బయటికి పోయిన. గప్పుడే ఏసిండు! బొంబాయిల నేర్చినని చెప్తడు గద, గివే నేర్చిండు!"

"అక్కా! నేనెందుకు..." బెన్నీ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "సూది సూస్తెనే నాకు కండ్లు తిరుగుతయ్. పోయిన వారం పిల్లలకు ఏసేటప్పుడు బయటికి ఉరికిన. అడుగుండ్రి భద్రును!"

"అవ్, ఉరికిండు," అన్నాడు భద్రు. ఎవరూ వినలేదు.

అప్పుడే తలుపు తోసుకుని ఆంథోని వచ్చాడు. బ్లెస్సీ తండ్రి. కబురందగానే గనిలోంచి అలాగే వచ్చేశాడు. బూట్లు, కనురెప్పలు, మెడ అంతా బొగ్గు. బిడ్డను చూశాడు. పాదం చూశాడు. ఆరోగ్యమ్మ వేలు ఎటు చూపిస్తుందో అటు నడిచి, బెన్నీ కాలరు పట్టి గోడకు అదిమాడు. తెల్ల చొక్కా మీద అయిదు వేళ్లూ నల్లగా అచ్చుపడ్డాయి.

"నా బిడ్డ మీద ప్రయోగాలు చేస్తున్నవారా?"

"కొట్టన్నా!" అన్నాడెవరో. చప్పట్లు కొట్టిన తల్లుల్లోనే ఒకావిడ "పోలీసులకు పట్టియ్యాలె" అంది. ఇందాక ఇతని చప్పట్లకు తాళమేసిన చేతులే ఇప్పుడు చీర కొంగు దోపుకుంటున్నాయి.

దీవెన కదలలేదు. దెబ్బలు తింటే తిననీ, అనిపించింది. చాతకాని విద్య అమ్ముకున్నవాడు. ఎదగని పాదాలను మునివేళ్ల బూట్లలో కుక్కినవాడు. విరిగిన కాలికి చప్పట్లు కొట్టినవాడు. ఈ వెధవ కోసం తాను నోరు విప్పడమెందుకు?

"మీరు వాని సంగతి సూడుండ్రి," అంటూ ఆరోగ్యమ్మ బ్లెస్సీని చంకల కింద చేతులేసి లేపబోయింది. "నేను బిడ్డను ఇంటికి తోల్కపోత."

"ఇంటికా? దవాఖానాకు పోవాలె. కట్టు పడాలె," అంది దీవెన.

"నేనే నర్సును. కట్టు నేను కడత. సాయంత్రానికి లేపి నిలబెడత సూడు."

దీవెన చప్పున తలెత్తింది.

సాయంత్రానికి. విరిగిన ఎముకతో. దేనితో నిలబెడుతుంది?

ఆరోగ్యమ్మ హ్యాండ్‌బ్యాగును మోచేతితో ఒంటికి అదుముకుని ఉంది. బ్లెస్సీ తల్లి భుజం మీంచి దీవెన వంక చూసింది. చిట్లిన నుదుటి మీద తెల్ల ప్లాస్టరు. దాని కింది కొస చిన్నగా లోపలికి మడిచి ఉంది.

దీవెన అరచేతిలోని ముక్కను చూసుకుంది. నలిగిపోయింది, చెమటకు తడిసింది. కానీ ఒక కొస చిన్నగా లోపలికి మడిచి ఉంది.

దవాఖానాల్లో పనిచేసే నర్సుల అలవాటది. తర్వాత పీకేటప్పుడు గోటికి సులువుగా దొరకాలని. భద్రుకు అసలు ప్లాస్టరు అలవాటే లేదు. దూదితో రుద్ది పంపిస్తాడు. సూది చూస్తే ఉరికే బెన్నీకి మడత పెట్టే ఓపికెక్కడిది?

"ఆంథోని అన్నా, ఆగు," అంది దీవెన. "ముందు ఈడికి రా. బిడ్డను నువ్వు పట్టుకో. ఇంకెవరికీ ఇయ్యకు."

ఆంథోని కాలరు వదిలాడు. బెన్నీ గోడ వెంట కిందికి జారి కూర్చుని, అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాడు. కాలు విరిగిన పిల్ల ఏడవలేదు గానీ, ఇతను ఏడ్చాడు.

ఆంథోని బిడ్డను ఎత్తుకున్నాడు. "ఎవరు బిడ్డా? నాకు చెప్పు. ఎవరేసిండ్రు?"

 బ్లెస్సీ చూపు తల్లి దగ్గరికి పోయి, అక్కడే ఆగింది.

"చెప్పవే, మాస్టరే అని! భయపడకు!" ఆరోగ్యమ్మ బిడ్డ తల నిమిరింది. "నీ సీటు కోసమే గదనే మనం ఇంత కష్టపడ్డది. చెప్పు!"

అప్పుడు వచ్చాయి కన్నీళ్లు. కాలికి కాదు. బ్లెస్సీ తండ్రి మెడలో ముఖం దాచుకుని తల అడ్డంగా ఊపింది. ఊపుతూనే ఉంది.

దీవెన ఈ హాలులో ఈ నెల రోజుల్లో చాలామందిని అసహ్యించుకుంది. ఇంత అసహ్యం ఎవరి మీదా కలగలేదు. సూది గుచ్చిన చెయ్యే ఆ తల నిమురుతోంది. ఆ పేరు పిల్లతో చెప్పించడం ఇంకో సూది.

"బ్లెస్సీ, నువ్వేం చెప్పకు. నీ పని గాదది," అంది దీవెన. ఆరోగ్యమ్మ చేతిని పిల్ల తల మీంచి తీసేసింది. అరచేతిలోని ప్లాస్టరు ముక్కను బ్లెస్సీ నుదుటి పక్కన పెట్టింది. మడత పక్కన మడత. ఆంథోని ఆ రెండింటినీ చూశాడు. భార్య చంకలోని బ్యాగును చూశాడు. అతని నల్లటి ముఖంలో కళ్లొక్కటే తెల్లబడ్డాయి.

"ఏందది?" ఆరోగ్యమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. "ఏం సూపెడుతున్నవే?"

 దీవెన హాలులో చివరి వరుస దాకా వినబడేలా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"సూది ఏసింది మాస్టరు గాదన్నా. ఆరోగ్యమ్మ."